బానెట్ లారీ కొనాలా, చదును మూతి లారీ కొనాలా?

ప్రశ్న: మా ఆయన చాలా ఏళ్లుగా వేరేవాళ్ల లారీ నడుపుతున్నారు. ఇప్పుడు సొంత బండి కొనాలని చూస్తున్నాం. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం చెన్నై వైపు తీసుకెళ్లడం, తిరుగు ప్రయాణంలో దొరికితే ఇనుప కడ్డీలు వేసుకురావడం ఆయన పని. రెండు పాత బండ్లు చూశారు. రెండూ ఆరు టైర్లవే. ఒకటి 2011 మోడల్ టాటా ఎస్‌ఈ 1613, ముందు బానెట్ ఉన్నది. రెండోది 2020 తరవాత వచ్చినది, కంపెనీ కేబిన్‌తో, మూతి చదునుగా ఉన్న బండి. దాని ధర బాగా ఎక్కువ. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు, “అక్కా, ఇక్కడ లారీలన్నిటికీ ముక్కు పొడుగ్గా ఉంటుంది, గుద్దుకుంటే ముక్కు నలుగుతుంది, మనిషి మిగులుతాడు, అద్దం వెనకే కూర్చుని నడిపే బండి బావ కొనొద్దు” అంటున్నాడు. చదును మూతి బండ్ల కేబిన్ నడుస్తుండగా ముందుకు వాలిపోతుందని కూడా విన్నాను. ఖర్చు కన్నా ఆయన ప్రాణమే నాకు ముఖ్యం. ఏది తీసుకోమంటారు? — సూర్యాపేట జిల్లా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు చెప్పిన రెండింటిలో అయితే రెండోదే తీసుకోండి. దానికి కారణం మూతి చదునుగా ఉండటం కాదు, కేబిన్ ఎలా కట్టారన్నది. మీ తమ్ముడి మాటలో నిజం లేకపోలేదు కాబట్టి ముందు ఆ నిజం ఎంతవరకో చూద్దాం.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. ఆ వేగంలో గుద్దుకుని, ముందు భాగం ఒక మీటరు నలిగి బండి ఆగిందనుకోండి. బెల్టు పెట్టుకున్న మనిషి మీద పడే సగటు ఒత్తిడి అతని బరువుకు 14 రెట్లు. అదే 40 సెంటీమీటర్లే నలిగి ఆగితే 35 రెట్లు. మనిషి ముందు నలగడానికి చోటు ఎంత ఉంటే అంత మేలు. ఈ లెక్కలో బానెట్ బండిదే పైచేయి. చెట్టుకో కారుకో ఎదురుగా తగిలినప్పుడు డ్రైవరు కాళ్లు ఇరుక్కునే ప్రమాదం బానెట్ బండిలో తక్కువే.

అయితే ఆ మీటరు మొత్తం నలగదు. బానెట్ కింద ఉన్నది ఇంజిన్, అది నలిగే వస్తువు కాదు. దెబ్బ గట్టిదైతే ఇంజినే వెనక్కి జరిగి కాళ్ల ముందున్న రేకు గోడను లోపలికి తోస్తుంది. పైగా దెబ్బ చాసిస్ (లారీ అడుగున ఉండే ఉక్కు చట్రం) ఎత్తులో తగిలితేనే బానెట్ ముందరి భాగం దాన్ని కాస్తయినా అడ్డుకుంటుంది. మీ ఆయన తిరిగే దారుల్లో లారీ డ్రైవర్ల ప్రాణాలు తీసే ప్రమాదం అలా జరగదు. రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉన్న లోడు లారీని వెనక నుంచి గుద్దడం, లేదా ముందు నెమ్మదిగా పోతున్న ట్రాలీని చివరి క్షణంలో చూడటం, ఇవే అసలు ప్రమాదాలు. అప్పుడు మొదట తగిలేది ముందు బండి చాసిస్ కాదు, దాని బాడీ వెనక అంచు. అది నేలకు నాలుగడుగుల పైన, చాసిస్ చివర దాటి బయటికి ఉంటుంది. ఆ ఎత్తులో బానెట్ బండికి ఉన్నది పలచటి రేకే. దాన్ని చీల్చుకుని బాడీ అంచు నేరుగా అద్దం పక్క స్తంభాల దాకా వస్తుంది. ముందు బండిలో బయటికి పొడుచుకొచ్చిన కడ్డీలు ఉంటే బానెట్ పైనుంచే లోపలికి దూసుకొస్తాయి. ఇలాంటి దెబ్బకు ముక్కు ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఉండదు.

ఇక బరువు సంగతి. 2018లో కేంద్రం యాక్సిల్ బరువులు పెంచాక కొత్త ఆరు టైర్ల లారీ మొత్తం బరువు 18.5 టన్నుల దాకా ఉండొచ్చు. ఆ బరువుతో 60 వేగంలో పోతున్న బండిలోని శక్తి సుమారు 2,570 కిలోజౌళ్లు. కేబిన్ గట్టిదనాన్ని పరీక్షించే ఆర్29 అనే అంతర్జాతీయ నిబంధన ఉంది. దాని తరవాతి సవరణలో 7.5 టన్నులు దాటిన బండి కేబిన్ ముఖం మీద బరువైన లోలకంతో కొట్టే దెబ్బ 55 కిలోజౌళ్లు. అంటే 18.5 టన్నుల బండి గంటకు 9 కిలోమీటర్ల వేగంతో గోడకు తగిలితే ఉండే శక్తి. మన దేశంలో ఏఐఎస్-029 ప్రమాణం కూడా ఇదే పద్ధతిలో, దెబ్బ తగిలాక లోపల మనిషి బతికేంత చోటు మిగులుతుందా లేదా అని చూస్తుంది. ఏ కేబిన్ అయినా 60 వేగంలోని శక్తి మొత్తాన్ని మింగలేదని ఈ లెక్కతో తెలుస్తుంది. వేగం 40కి తగ్గితే ఆ శక్తి సగానికన్నా తక్కువ, సుమారు 1,140 కిలోజౌళ్లు. చీకట్లో 20 కిలోమీటర్ల వేగం తగ్గించుకోవడం ఏ బానెట్ ఇచ్చే రక్షణ కన్నా పెద్దది.

అలాగని కేబిన్ గట్టిదనం వృథా అనుకోవద్దు. బండి పల్టీ కొట్టినప్పుడు, పక్కవాటంగా రాసుకున్నప్పుడు, బ్రేకు పడి వేగం తగ్గాక గుద్దుకున్నప్పుడు బతుకు చావు తేల్చేది కేబినే. పై నిబంధనలో కప్పు పరీక్ష కూడా ఉంది. ముందు యాక్సిల్ మోయగల బరువంత, గరిష్ఠంగా 10 టన్నులు, కప్పు మీద పెట్టి చూస్తారు. చూసిన రెండు బండ్ల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. పాతకాలంలో కంపెనీలు చాలా లారీలను చాసిస్, ఇంజిన్, ముందు ముఖం వరకే అమ్మేవి. మిగతా కేబిన్, బాడీ విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కట్టించుకునేవారు. ఆ పనివాళ్ల చేతిలో నైపుణ్యం తక్కువేమీ కాదు. కాని చెక్క చట్రం మీద రేకు కొట్టి కట్టిన కేబిన్‌ను ఎవరూ లోలకంతో కొట్టి చూడలేదు. అది పల్టీ కొడితే కప్పు సీటు మీదికి దిగుతుంది, చెక్క చీలి లోపలికి పొడుచుకుంటుంది.

కాబట్టి ఎస్‌ఈ 1613 ఇంకోసారి చూడటానికి వెళ్లినప్పుడు మీ ఆయన్ను తలుపు పైన లోపలి లైనింగ్ ఒక మూల ఎత్తి చూడమనండి. లోపల కనబడేది ప్రెస్ చేసిన ఉక్కు పెట్టె ఆకారమా, చెక్క పట్టీలా? నేల మీద మ్యాటు తీసి వేలి కణుపుతో కొట్టి చూడాలి. తుప్పు తిన్న చోట మొద్దు శబ్దం వస్తుంది. సీటు బోల్టులు నేల రేకుకే ఉన్నాయా, కింద ఉక్కు పట్టీకి ఉన్నాయా అన్నదీ చూడాలి. రేకుకే ఉంటే గుద్దుకున్నప్పుడు సీటు, బెల్టు, మనిషి మూడూ కలిసి ముందుకు పోతాయి.

డ్రైవరుకు ముందు నుంచి వచ్చే దెబ్బ గురించే అందరూ ఆలోచిస్తారు. వెనక నుంచి వచ్చేది అంతకన్నా భయంకరమైనది కావచ్చు, ముఖ్యంగా కడ్డీలు వేసే బండికి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు సరుకు ముందుకు జరగకుండా ఆపాలంటే దాని బరువులో 0.8 వంతు బలాన్ని తట్టుకునే కట్టు ఉండాలని యూరప్ ప్రమాణం చెబుతుంది. 12 టన్నుల కడ్డీలకు అది 9.6 టన్నులు. ఆర్29 పాత వరుసలో కేబిన్ వెనక గోడను పరీక్షించే బలం, మోసే ప్రతి టన్నుకు 200 కిలోలు. 12 టన్నులకు 2.4 టన్నులు. మిగిలిన 7.2 టన్నులను ఆపాల్సింది బాడీ ముందు పలక, గొలుసులు, నేలకూ సరుకుకూ మధ్య రాపిడి. బానెట్ బండికీ ఇదే లెక్క, చదును మూతి బండికీ ఇదే లెక్క. ముక్కు ఎంత పొడుగున్నా వీపు వెనక నుంచి వచ్చే కడ్డీని ఆపలేదు.

అందువల్ల ఏ బండి కొన్నా మొదటి ఖర్చు బాడీ ముందు పలక మీద పెట్టండి. రేకు పలక కాదు, చాసిస్ మీది అడ్డదూలాలకు బోల్టు చేసిన ఉక్కు నిలువు స్తంభాలు, వాటి మీద మందపాటి పలక, సరుకు ఎత్తు దాకా ఉండాలి. కడ్డీలు ఆ పలకకు ఆనుకునే ఎక్కించాలి. మధ్యలో రెండడుగుల ఖాళీ వదిలితే బ్రేకు వేసినప్పుడు ఆ ఖాళీలో కడ్డీలు వేగం పుంజుకుని గుద్దుతాయి. అప్పుడు పై లెక్కలేవీ పనిచేయవు. ఇనుము మీద ఇనుము సులువుగా జారుతుంది కాబట్టి నేల మీద రబ్బరు షీటు పరచాలి. కట్టల మధ్య చెక్క దుంగలు అడ్డంగా పెట్టాలి. తాడు కడ్డీలకు పనికిరాదు, అంచుల దగ్గర తెగిపోతుంది. 8 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 గొలుసు నేరుగా లాగినప్పుడు సుమారు 4 టన్నులు ఆపుతుంది. అలాంటివి కనీసం నాలుగు, రెండు ముందు నుంచి వెనక్కి లాగేలా, రెండు పైనుంచి అదిమేలా వేయాలి. పైనుంచి అదిమే గొలుసు సరుకును నేలకు నొక్కి రాపిడి పెంచుతుందే తప్ప నేరుగా ఆపదు. అందుకే రెండు రకాలూ కావాలి. 20, 30 కిలోమీటర్లు వెళ్లాక ఆపి మళ్లీ బిగించాలి. కుదుపులకు కడ్డీలు సర్దుకుని గొలుసు వదులవుతుంది.

మామూలు కడ్డీ పొడవు 12 మీటర్లు. ఆరు టైర్ల బండి బాడీలో అది పట్టదు. మధ్యకు వంచి ఎక్కిస్తారు. వంపు ఉన్న కొస కేబిన్ వైపు, కోసిన చివరలు వెనక వైపు ఉండాలి. వంపు పలక మీద ఆనుతుంది, కోసిన చివర అయితే పొడుస్తుంది. వెనక డాలా (బాడీ వెనక తలుపు) మూసుకోవాలి. బాడీ దాటి కడ్డీలు బయటికి ఉంచి నడపడం నిషేధం. వెనక వచ్చే లారీలో ఉన్నదీ ఇంకొకరి ఇంటి మనిషే.

బియ్యం లోడు ఇంత ప్రమాదకరం కాదు. బస్తాలు ఇటుకల్లా ఒకదాని అతుకు మీద ఇంకోటి వచ్చేలా పేర్చి, ముందు పలకకు ఆనించి, 50 మిల్లీమీటర్ల రాట్చెట్ బెల్టులతో (పిడి ఆడించి బిగించే పట్టీలతో) అదిమితే చాలు. తార్పాలిన్ సరుకును ఆపుతుందనుకోవద్దు, అది వానకోసమే.

ఇప్పుడు మీ తమ్ముడి అమెరికా సంగతి. అక్కడ కూడా ఒకప్పుడు చదును మూతి లారీలు రోడ్ల నిండా ఉండేవి. అప్పట్లో చాలా రాష్ట్రాల్లో లారీ, ట్రైలర్ కలిపి మొత్తం పొడవుకు పరిమితి ఉండేది. ముక్కు తగ్గిస్తే ఆ మేరకు ట్రైలర్ పెంచుకోవచ్చు, కిరాయి ఎక్కువ వస్తుంది. 1982లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రధాన రహదారులపై మొత్తం పొడవు పరిమితిని రాష్ట్రాలు విధించకుండా చేసి ట్రైలర్ పొడవునే చూడమంది. దాంతో ముక్కు ఎంతున్నా సరుకు చోటు తగ్గదు. కుదుపు తక్కువ, ఇంజిన్ పని సులువు కాబట్టి అందరూ బానెట్ వైపు మళ్లారు. యూరప్‌లో మాత్రం ట్రైలర్ లారీ మొత్తం పొడవు 16.5 మీటర్లకే పరిమితం. అందుకే అక్కడ ఈ రోజుకీ దాదాపు అన్నీ చదును మూతివే.  2015లో యూరోపియన్ యూనియన్ ముందు భాగం కొంచెం పొడుగ్గా, గుండ్రంగా కట్టడానికి పొడవులో సడలింపు ఇచ్చింది. ఆ వీలు వాడుకుని 2021లో అక్కడి లారీల తయారీ సంస్థ డాఫ్ కొత్త కేబిన్లు తెచ్చింది. కాబట్టి డాలస్ రోడ్ల మీది ముక్కులను అక్కడి పొడవు చట్టాల ఫలితంగా చూడాలి. ప్రాణరక్షణకు అవే రుజువని తీసుకోలేం.

మన దేశంలో రిజిడ్ లారీ (ట్రైలర్ లేకుండా ఒకే చట్రం మీద ఉండే బండి) పొడవు పరిమితి 12 మీటర్లు. ఆరు టైర్ల బండి అంత పొడుగు ఉండదు కాబట్టి పరిమితి మీకు అడ్డం కాదు. కాని మిల్లు గేట్లు, గోడౌన్ సందులు, చెన్నై మార్కెట్ వీధులు అడ్డమే. బానెట్ వల్ల ముందు భాగం మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. అదే బాడీ పొడవుకు చక్రాల మధ్య దూరం కూడా పెరిగి మలుపు పెద్దదవుతుంది. ఒక తిప్పుడులో తిరగాల్సిన చోట రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ పోవాలి. అలా వెనక్కి పోయేటప్పుడే మనుషులు చక్రాల కింద పడుతుంటారు.

చూపు విషయంలో చదును మూతికే స్పష్టమైన లాభం. డ్రైవరు కన్ను నేలకు 2.4 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. చదును మూతి బండిలో అద్దం కింది అంచు కంటికి 0.9 మీటరు ముందు, 1.7 మీటర్ల ఎత్తులో ఉంటే, మీటరు ఎత్తు పిల్లవాడు బంపరుకు సుమారు మూడడుగుల దూరంలో ఉన్నప్పటి నుంచే కనబడతాడు. అదే 1.7 మీటర్ల ఎత్తున బానెట్ చివర కంటికి 2.2 మీటర్ల ముందు ఉంటే, ఆ పిల్లవాడు బంపరుకు ఏడడుగుల దూరం దాకా కనబడడు. కొనబోయే బండిలో మీ ఆయనే ఇది కొలుచుకోవచ్చు. సీటు తన ఎత్తుకు సర్దుకుని కూర్చోవాలి. ఇంకొకరు మీటరు కర్ర నేల మీద నిలబెట్టి బంపరు నుంచి దూరం జరుగుతూ పోవాలి. కర్ర కొస మొదట కనబడిన చోట సున్నంతో గీత గీయాలి. ముందు, ఎడమ పక్క, ఎడమ మూల, మూడు వైపులా ఇలా చేస్తే ఎంత మేర గుడ్డి చోటో నేల మీదే తెలుస్తుంది. చదును మూతి బండిలో కూడా ఎడమ తలుపు పక్క, బంపరు కింద గుడ్డి చోటు ఉంటుంది. ముందు అద్దం పైభాగాన, కిందికి చూపే గుండ్రటి అద్దం, ఎడమ తలుపు మీద ఇంకొకటి పెట్టించాలి. రెండూ కలిపినా ఒక టైరు ధరలో చిన్న వంతు కూడా కాదు. చాలా బండ్లలో ఇవి పగిలిపోయి ఖాళీ కడ్డీలే మిగిలి ఉంటాయి.

కేబిన్ ముందుకు వాలిపోవడం గురించి అడిగారు. చదును మూతి బండిలో ఇంజిన్ డ్రైవరు కిందే ఉంటుంది కాబట్టి పని చేయాలంటే కేబిన్ మొత్తాన్ని ముందుకు ఎత్తాలి. ముందు రెండు కీళ్లు, వెనక రెండు కొక్కేలు, ఎత్తడానికి ఒక హైడ్రాలిక్ పంపు ఉంటాయి. వెనక కొక్కేలు సరిగా పడకపోతే గట్టి బ్రేకుకు కేబిన్ నిజంగానే ముందుకు లేస్తుంది. విన్నది అబద్ధం కాదు. కాని ఇది కొక్కెం అరిగితేనో, దించాక చూసుకోకపోతేనో జరుగుతుంది. పాత బండి చూసేటప్పుడు కొక్కేలు వేసి ఉండగానే ఒకరు కేబిన్ వెనక అంచు పట్టుకుని పైకీ కిందికీ కుదపాలి, ఇంకొకరు కొక్కెం దగ్గర చూడాలి. రబ్బరు మెత్తదనం వల్ల కొంచెం కదలడం సహజం. లోహం లోహానికి తగిలి టకటకమంటే కొక్కెంగాని బుష్‌గాని అరిగిందని అర్థం. అది మార్చాకే బేరం. పంపు దండం మీద నూనె తడి ఉందా చూడాలి. సీలు కారితే ఎత్తిన కేబిన్ నెమ్మదిగా దిగుతుంది.

ఎత్తే పద్ధతి ఎంత తొందరలోనూ మారకూడదు. బండి చదును నేల మీద ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు అడ్డం పెట్టాలి. కేబిన్‌లో నీళ్ల డబ్బాలు, పనిముట్లు, జాకీ, స్టవ్వు తీసేయాలి. లేకపోతే అవి అద్దం మీద పడి పగలగొడతాయి. రెండు తలుపులూ మూయాలి. ముందు మనిషి నిలబడకూడదు. పంపు కొట్టి పూర్తిగా ఆఖరుదాకా ఎత్తాలి, ఆపే కడ్డీ లాకు వేయాలి. సగం ఎత్తి తల దూర్చడమే ఈ పనిలో ప్రాణాలు తీసే తప్పు. దించాక రెండు కొక్కేలూ చేత్తో లాగి చూడాలి, డాష్‌బోర్డు మీద కేబిన్ లాకు దీపం ఉంటే అది ఆరిందో లేదో చూడాలి. ఆ తరవాత ఖాళీ చోట పది కిలోమీటర్ల వేగంలో ఒకసారి గట్టిగా బ్రేకు వేసి చూసి రోడ్డెక్కాలి. ఇంజిన్ ఆయిల్, నీళ్లు రోజూ చూడటానికి కేబిన్ ఎత్తక్కర్లేదు, చాలా బండ్లలో ముందు జాలీ తెరిస్తే లేదా పక్క నుంచే అందుతాయి. ఎత్తాల్సింది ఫిల్టర్లు, ఇంజెక్టర్లు, టర్బో లాంటి పనులకే. ఎత్తినప్పుడల్లా స్టీరింగ్ దండం జారే జాయింటు, గేరు తీగలు, క్లచ్ పైపు, వైరింగ్ కట్ట ఎక్కడైనా రాసుకుంటున్నాయేమో చూసుకోవాలి. కేబిన్ వందసార్లు ఎత్తి దించిన బండిలో బ్రేకు గాలి పైపు ఒక అంచుకు రాసుకుని చిల్లు పడటం మామూలే.

బానెట్ బండిలో ఈ తలనొప్పి లేదు, నిజమే. రోడ్డు పక్కన బెల్టు తెగినా బానెట్ ఎత్తి మార్చుకోవచ్చు. కుదుపు కూడా అక్కడ తక్కువ, ఎందుకంటే డ్రైవరు ముందు చక్రాల వెనక కూర్చుంటాడు. చదును మూతి బండిలో చక్రాల మీదే, కొన్నింట్లో వాటికన్నా ముందే కూర్చుంటాడు. గుంతలో చక్రం పడిన ప్రతిసారీ ఆ దెబ్బ నడుముకే. దీనికి మందు స్ప్రింగో గాలి సంచో ఉన్న సీటు, అరగని కేబిన్ రబ్బర్లు, పనిచేసే షాక్ అబ్జార్బర్లు, చక్రాల్లో కంపెనీ చెప్పినంత గాలి. సీటు అలా ఊగేదైతే బెల్టు కూడా సీటుకే బిగించి ఉండాలి. బెల్టు ఒక కొస కేబిన్ గోడకు ఉంటే గుంత పడిన ప్రతిసారీ భుజాన్ని లాగుతుంది, ఆ బాధకే డ్రైవర్లు బెల్టు తీసేస్తారు.

వేడి కూడా చదును మూతి బండి లోపమే. ఇంజిన్ మీది మూతకు కింద ఉండే ఇన్సులేషన్ ఊడిపోయినా, గేరు కర్ర అడుగున రబ్బరు తొడుగు చిరిగినా వేడితో పాటు పొగ కూడా లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేనిది, మత్తు తెచ్చేది. తెల్లవారుజామున వచ్చే మగతకు ఇది తోడైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ తొడుగు ధర తక్కువ, వెంటనే మార్చాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే సరుకు లారీల కేబిన్లకు, 3.5 టన్నులు దాటినవాటికి, ఏసీ తప్పనిసరి చేశారు. మీరు చూసినది అంతకు ముందుదే కాబట్టి ఏసీ ఉండకపోవచ్చు. తరవాత పెట్టించుకునే ఖర్చు బేరంలోనే లెక్కేసుకోండి.

పాత బండి ధర తక్కువగా కనిపిస్తుంది కాని ఇంకొన్ని లెక్కలున్నాయి. ఆర్‌సీలో రాసిన బరువే దాని పరిమితి. 2011 బండికి అది 16.2 టన్నులే. ప్రతి ట్రిప్పులో రెండు టన్నులకు పైగా కిరాయి తేడా. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ప్రతి ఏడాదీ చేయించాలి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లేని బండిలో తడి రోడ్డు మీద గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. రెండో బండిలో ఏబీఎస్ ఉందా, పనిచేస్తోందా చూడటానికి తాళం తిప్పగానే ఆ దీపం వెలగాలి, బండి కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అని అనుమానించండి.

రెండో బండి కేబిన్ కూడా కళ్లు మూసుకుని నమ్మొద్దు. ఒకసారి గుద్దుకుని బాగు చేసిన కేబిన్ కొత్తదానంత గట్టిగా ఉండదు. తలుపు చుట్టూ సందు పైనా కిందా ఒకే వెడల్పు ఉందా, అద్దం పక్క స్తంభాల మీద పుట్టీ లేదా వెల్డింగ్ గరుకు తగులుతోందా చూడాలి. స్తంభం మీద అయస్కాంతం పెడితే పుట్టీ ఉన్న చోట సరిగా అతుక్కోదు. కేబిన్ ఎత్తించి చాసిస్ ముందు కొసలు వంగాయేమో, కీళ్ల దగ్గర పగుళ్లు ఉన్నాయేమో టార్చితో చూడాలి. ఈ పరీక్షలో లోపం బయటపడితే ఆ బండి వద్దు, అదే ధరలో కంపెనీ కేబిన్ ఉన్న ఇంకోటి వెతకండి. ఎస్‌ఈ 1613 వైపు మాత్రం వెళ్లొద్దు.

చిన్న బండ్ల సంగతి వేరు. రెండు టన్నుల లోపు సరుకు మోసే పికప్‌లలో ముక్కు ఉన్నది తీసుకోవడం మంచిదే. అవి గుద్దుకునేవి ఎక్కువగా తమ బరువుకు దగ్గరగా ఉన్న కార్లను, కాబట్టి నలిగే చోటు నిజంగా పనికొస్తుంది. మీ ఆయన ఎప్పుడైనా పక్క ఊళ్లకు చిన్న సరుకు తిప్పే బండి చూస్తే అప్పుడు తమ్ముడి మాట వినొచ్చు.

చివరగా, రాత్రి డ్రైవింగ్. 60 వేగంలో డ్రైవరు చూసి కాలు బ్రేకు మీద పెట్టేలోపు, ఒకటిన్నర సెకనులో, బండి 25 మీటర్లు పోతుంది. మంచి బ్రేకు పడి ఆగడానికి ఇంకో 28 మీటర్లు. మొత్తం 53. డిమ్ లైటులో దీపాల్లేని లారీ అంత దూరం నుంచి కనబడకపోవచ్చు. 40 వేగంలో అదే లెక్క 29 మీటర్లు. అందుకే ఎదురు బండ్ల వల్ల డిమ్ చేయాల్సిన చోట 40 దాటకూడదు. మీ బండినే ఇంకొకరు గుద్దకుండా వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు బాడీ పూర్తి వెడల్పున, పక్కల పసుపు టేపు అతికించాలి. వెనక అడ్డంగా ఉండే ఉక్కు కడ్డీ వంగిపోతే మార్పించాలి. అది నేలకు దగ్గరగా, గట్టిగా ఉంటేనే కారు బాడీ కిందికి దూరదు. బండి పాడై రోడ్డు పక్కన ఆపాల్సి వస్తే మెరిసే త్రికోణాన్ని ఒక 100 మీటర్లు వెనక పెట్టాలి. రాయి, చెట్టుకొమ్మ పెట్టి వదిలేయడం, బయల్దేరేటప్పుడు వాటిని రోడ్డు మీదే మరిచిపోవడం ఇంకో ప్రమాదానికి దారి.

ఇంత చేసినా కేబిన్‌లో మీ ఆయన్ను సీటులో నిలిపి ఉంచేది బెల్టే. పల్టీలో బయటికి విసిరేయబడి సొంత బండి కిందే పడకుండా చూసేదీ అదే. కొనే రోజు దాన్ని ఒక్క గుంజు గుంజి చూడమనండి. టక్కున పట్టేయాలి. పట్టకపోతే బేరం ధరలోంచి కొత్త బెల్టు డబ్బు తగ్గించి, ఇంటికి రాకముందే ఆటోనగర్‌లో మార్పించండి. క్లీనర్ సీటుకూ అంతే.